సి.కె. నాయుడు, హోల్కర్ జట్టు, మా నాన్నగారి కత్తిరింపుల పుస్తకం



అక్టోబర్ 31 కర్నల్ సి.కె. నాయుడు గారి జయంతి. ఈ తరం పిల్లలకు ఆయన పేరు ఒక ట్రోఫీ పేరుగానే తెలుసు. ఆయన మనలాగే మరాఠీ నేల మీద పుట్టి పెరిగిన తెలుగువాడని చెబితే ఆశ్చర్యపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూర్‌లో పుట్టారు. పూర్వీకులది మచిలీపట్నం. మన పెద్దలు మగ్గం పనికి సోలాపూర్ వచ్చినట్టే, వాళ్ళు వకీలు వృత్తితో నాగపూర్‌లో స్థిరపడ్డారు. 1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆయన తొలి పెద్ద మ్యాచ్ ఆడారు. 79 పరుగులకు ఏడు వికెట్లు పడ్డాక బ్యాటింగ్‌కు దిగారు. మూడు బంతులు ఆపి, నాలుగో బంతిని సిక్సర్ కొట్టారు.

1923లో ఇండోర్ మహారాజు ఆయన్ని పిలిచి హోల్కర్ సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. వాళ్ళ మీద నాయుడు గారు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. మెచ్చి ఆ జట్టువాళ్ళు వెండి బ్యాటు బహూకరించారు. మనవాళ్ళు ఇంగ్లండుతో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఆ ఆటతో బలపడింది. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం మొదటి టెస్టు ఆడింది. ఆ పర్యటనకు కెప్టెన్ పోరుబందర్ మహారాజు. కానీ టెస్టులో ఆయన తప్పుకోగా, నాయుడు గారు జట్టును నడిపించారు. ఫీల్డింగులో చెయ్యి గాయపడినా మొదటి ఇన్నింగ్సులో 40 చేశారు. మనవాళ్ళలో అదే ఎక్కువ. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం.

మా నాన్నగారికి మాత్రం టెస్టులకన్నా హోల్కర్ జట్టు మీదే ప్రాణం. 1944-45 నుంచి 1954-55 వరకు ఆ జట్టు పదిసార్లు రంజీ ఫైనల్ ఆడింది, నాలుగుసార్లు గెలిచింది. నాలుగుసార్లూ కెప్టెన్ నాయుడు గారే. ముస్తాక్ అలీ, సర్వటే, తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆయన వెంట ఆడారు. 1951-52 ఫైనల్లో, 56 ఏళ్ళ వయసులో, బొంబాయి బౌలర్ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీద నుంచి పక్కకు తోసి మళ్ళీ ఆడారట. 1953-54లో ఆంధ్ర జట్టుకూ ఆడారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. రంజీలో చివరిగా ఉత్తరప్రదేశ్ తరఫున ఆడినప్పుడు ఆయనకు 61 ఏళ్ళు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. హోల్కర్ జట్టు అప్పటికే లేదు. సంస్థానం పోయింది, కొన్నేళ్ళకు జట్టు పేరూ మారిపోయింది.

మా నాన్నగారు పూర్వభాగంలో ఒక కార్ఖానాలో మగ్గం నేసేవారు. సేఠ్ పారేసిన జమాఖర్చుల పుస్తకంలో హోల్కర్ జట్టు వార్తలు కత్తిరించి గంజితో అంటించేవారు. వార్తలు మరాఠీవి. కింద పరుగులూ, వికెట్లూ, తన అభిప్రాయమూ తెలుగులో పెన్సిలుతో రాసుకునేవారు. ఆయన పోయాక, ఇల్లు బాగు చేయిస్తున్నప్పుడు, పాత పేపర్లు కొనేవాడికి ఆ పుస్తకాన్ని నేనే తూకానికి వేశాను. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఊరందరి కాగితాలూ జాగ్రత్తగా ఫైలు చేసినవాణ్ణి. ఇంట్లో నాన్నగారి చేతిరాత ఇంకెక్కడా లేదని ఆ తర్వాతే తెలిసింది.

అప్పటి నుంచి హోల్కర్ జట్టు గుర్తులు వెతుకుతున్నాను. 1996లో తపాలాశాఖ నాయుడు గారి మీద వేసిన స్టాంపు దొరికింది. పాత పత్రికల్లో రెండు ఫొటోలు దొరికాయి. 1941లో ఆయన ఒక లివర్ టానిక్ ప్రకటనలో కనిపించారు. అది వచ్చిన పత్రిక కోసం ఇంకా చూస్తున్నాను. లార్డ్స్ స్కోరు కార్డులు, ఆటగాళ్ళ సంతకాల కాగితాలు వేలంలో అమ్ముతారు. అవి పింఛనుదారుకు అందేవి కావు. నేను వెతికేది కూడా అవి కాదు.

బంధువులకు నా మనవి ఒక్కటే. మీ అటకల మీద పెట్టెల్లో పాత కత్తిరింపులు, జట్టు ఫొటోలు, మ్యాచ్ టికెట్లు ఉంటే తూకానికి వేయకండి. సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. ఎండ తగలకుండా శుభ్రమైన కాగితాల మధ్య పెట్టండి. ఫొటో వెనక పేర్లు, ఏడాది మెత్తటి పెన్సిలుతో రాయండి. మన సంఘం ఆఫీసుకు తెస్తే నేనే ఫొటో తీసి, అసలుది అప్పుడే మీ చేతికి ఇచ్చేస్తాను. కాగితం అంచున ఎవరైనా తెలుగులో ఏదైనా రాసి ఉంటే, అది కూడా పడేలా ఫొటో తీద్దాం.