వెలుగునకు ఆవలి చీకటి

మాటలు నేర్పుటే వృత్తిగా జీవించిన ఒక ఉపాధ్యాయుడు, మాట ఎక్కడ ఆగిపోవునో చెప్పి చరిత్రలో నిలిచినాడు. అతడు నిస్సా గ్రెగొరీ.

నేటి టర్కీ దేశములోని కప్పదొకియ సీమలో సుమారు 335లో అతడు జన్మించినాడు. అన్న బాసిల్ ఏథెన్సు నగరమున చదివి విద్వాంసుడైనాడు. గ్రెగొరీకి ఆ భాగ్యము లేదు. అన్నయే అతనికి గురువు. కొంతకాలము వక్తృత్వశాస్త్రము బోధించినాడు. 372లో అన్న పట్టుబట్టి అతనిని నిస్సా అను చిన్న ఊరికి బిషప్పును చేసినాడు. లౌకిక వ్యవహారములలో అతనికి నేర్పు తక్కువ. సంఘము సొమ్ము దుర్వినియోగము చేసినాడని ప్రత్యర్థులు నింద మోపి 376లో పదవినుండి తొలగించినారు. 378లో వాలెన్స్ చక్రవర్తి యుద్ధమున మరణించిన పిమ్మట అతడు తిరిగి రాగలిగినాడు. ఆ ఊరట నిలువలేదు. కొలది నెలలలోనే అన్న గతించినాడు. 379లో అక్క మక్రీన మరణశయ్యపై ఉండగా చేరుకొన్నాడు. ఆత్మను గూర్చి ఆమెతో సాగిన సంభాషణగా ఒక గ్రంథము రచించి, అందులో ఆమెను గురువుగా నిలిపినాడు.

ఆ దుఃఖము చల్లారకముందే ఒక వాదము అతనిపై పడినది. దేవుడు పుట్టుక లేనివాడన్న ఒక్క నామములో దైవస్వరూపము సంపూర్ణముగా దొరికినదని యునోమియస్ అను పండితుడు వాదించుచుండెను. బాసిల్ ప్రారంభించిన ఖండనమును తమ్ముడు కొనసాగించినాడు. నామములు మనుష్యులు కల్పించుకొన్నవి. అవి దైవకార్యములను సూచించునే గాని స్వరూపమును పట్టలేవు. ఇదియే అతని సిద్ధాంతము. శామీర్‌పేట చెరువులో కడవ ముంచినవానికి కడవెడు నీరు దొరుకును. ఆ నీరు సత్యమే, దాహమును తీర్చును. కాని చెరువంతయు తన కడవలో ఉన్నదనుట అహంకారము. చెరువుకైనను గట్టు కలదు. దైవమునకు అదియును లేదు. ఉపనిషత్తుల నేతి మార్గము నెరిగినవారికి ఈ భావము అపరిచితము కాదు.

381లో కాన్‌స్టాంటినోపిల్ మహాసభలో గ్రెగొరీ ప్రముఖులలో ఒకడు. వార్ధక్యమున మోషే జీవితమును వ్యాఖ్యానించినాడు. మోషే మొదట మండుచున్న పొదలో వెలుగును చూచినాడు. పిదప మేఘమున నడిచినాడు. తుదకు సీనాయి కొండపై గాఢాంధకారమున ప్రవేశించినాడు. ఎదిగినకొలది వెలుగు పెరుగవలెను గదా, చీకటి ఏల? జ్ఞానము ముదిరినప్పుడే తాను చూడలేనిది ఎంత ఉన్నదో మనస్సునకు తెలియునని గ్రెగొరీ సమాధానము. ఆ చీకటి అజ్ఞానము కాదు. అట్లయిన చేరలేని గమ్యమునకు నడుచుట వ్యర్థము కాదా? కాదు. దైవము అనంతము గనుక ప్రేమకును అంతము లేదు. ఆగక సాగుటయే పరిపూర్ణత.

ఈ తత్త్వము కొండపైనే నిలిచిపోలేదు. మనుష్యుడు దేవుని ప్రతిబింబము గనుక మానవ మనస్సు కూడ తనకు తాను అందదని గ్రెగొరీ వ్రాసినాడు. ఆ ప్రతిబింబమునకు వెల కట్టగలవాడెవడని ప్రశ్నించి, బానిసల క్రయవిక్రయములను తీవ్రముగా నిరసించినాడు. బానిసత్వము సహజమని లోకము నమ్మిన దినములవి.

394లో ఒక సభకు హాజరైన తరువాత అతని పేరు చరిత్రలో వినరాదు. సుమారు నూరేండ్లకు దియొనీసియస్ పేర వెలువడిన గ్రంథములు ఆ చీకటి మార్గమునే విస్తరించినవి. మాటల నేర్పరి చూపిన ఆ మౌనము నేటికిని పలుకుచున్నది.