వెలుగు బొమ్మలను నడిపించిన ఎమిల్ రేనో

విత్తు నాటినవాడొకడు, ఫలము గొన్నవాడు వేఱొకడు అగుట లోకమున తఱచుగ చూచుచున్నాము. నేడు విద్యార్థులు కంప్యూటరుపై చిత్రములను దిద్దు సాఫ్టువేరుతో బంతి నెగురవేయుచు, పిట్టచే రెక్కలాడించుచు ఆనందించుచున్నారు. ఈ విద్యకు బాట వేసిన ఒక ఫ్రెంచి దేశీయుని జీవితమును వారికి తెలుపవలెనని మాకు తోచినది. ఆయనయే ఎమిల్ రేనో.

రేనో 1844వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన పారిస్ నగరము చెంతనున్న మోంత్రోయ్‌లో జన్మించెను. తండ్రి పతకములు చెక్కు శిల్పి. యంత్రముల మర్మము నెఱిగినవాడు. తల్లి పూర్వము ఉపాధ్యాయినిగా పనిచేసినది; నీటిరంగుల చిత్రములు వ్రాయుటలో నేర్పరి. చేతి నైపుణ్యము తండ్రివలనను, కంటి నైపుణ్యము తల్లివలనను బాలునకు అబ్బెను. పెరిగిన పిదప ఆయన లె పుయీ పట్టణమున విజ్ఞానశాస్త్రముపై ఉపన్యాసము లిచ్చుచుండెను. మాయాదీపముతో తెరపై బొమ్మలు చూపుచు బోధించుట ఆయన పద్ధతి.

ఆ కాలమున జొయిట్రోప్ అను ఆటవస్తువు కలదు. గుండ్రని డబ్బాలో బొమ్మల పట్టీ నుంచి, త్రిప్పుచు, సన్నని చీలికల గుండ చూడవలెను. వెలుతురు చాలక బొమ్మలు మసకగ నుండెడివి. రేనో ఆ చీలికలను మాని, నడుమ 12 చిన్న అద్దములను నిలిపెను. చక్రము తిరుగగ ఒక్కొక్క అద్దమున ఒక్కొక్క బొమ్మ తేటగ కనబడి, అన్నియు కలిసి కదలినట్లు తోచును. ఈ ప్రాక్సినోస్కోపునకు ఆయన 1877లో పేటెంటు పొందెను.

కాని 12 బొమ్మలతో కథ చెప్పుట యెట్లు? ఒక గంతు వేయగనే మరల మొదటికి రావలసినదే. అందుచే రేనో పారదర్శకమైన జిలాటిన్ పలకలపై వందలకొలది బొమ్మలను స్వహస్తముతో చిత్రించి, వానిని పొడవైన పట్టీగ కూర్చి, కదలించుటకై రంధ్రములు చేసెను. నేపథ్యమును వేఱొక దీపముతో తెరపై పడవేసి, పాత్రలను మాత్రము పట్టీపై వ్రాసెను. ఈ దృశ్యనాటకశాలకు 1888లో పేటెంటు లభించెను.

1892 అక్టోబరు 28వ తేదీన పారిస్‌లోని గ్రెవాఁ ప్రదర్శనశాలలో ప్రజలు తొలిసారి ఈ వెలుగు బొమ్మలను చూచిరి. పేద పియెరో కథకు సుమారు 500 బొమ్మలు, 36 మీటర్ల పట్టీ! రేనో తానే పట్టీని ముందుకును వెనుకకును త్రిప్పుచు పాత్రల నాడించెడివాడు. 1900 వఱకు 12,000కు పైగ ప్రదర్శనలు జరిగెను. సుమారు 5 లక్షలమంది చూచిరి.

ఇంతలో 1895 డిసెంబరు 28వ తేదీన లూమియేర్ సోదరులు పారిస్‌లోనే తమ సినిమాను ప్రదర్శించిరి. రేనో నెలలతరబడి వ్రాయవలసిన కదలికను వారి కెమెరా క్షణములో పట్టుకొనెను. జనులు క్రొత్తదానివైపు మరలిరి. కొంతకాలమునకు రేనో నిస్పృహ చెంది తన యంత్రములను పగులగొట్టి, పట్టీలలో పెక్కింటిని సేన్ నదిలో పారవేసెను. 1918 జనవరి 9వ తేదీన ఇవ్రీ పట్టణపు వైద్యాశ్రమమున కన్నుమూసెను.

ఆయన పట్టీలలో రెండు మాత్రము నేటికి మిగిలినవి. ఆ ప్రథమ ప్రదర్శన జరిగిన అక్టోబరు 28వ తేదీని 2002 నుండి అంతర్జాతీయ ఆనిమేషన్ దినముగ జరుపుచున్నారు. తన కృషి నిష్ఫలమని తలచి నది పాలుచేసిన మనిషికి ఇట్టి గౌరవము లభించునని ఎవరూహింతురు?

విద్యార్థులారా! నేటి సాఫ్టువేరులోని లేయరు రేనో వాడిన పారదర్శక పలక వంటిదే. నేపథ్యమొకచోట, పాత్ర వేఱొకచోట నుంచుట ఆయన పద్ధతియే. జింప్ వంటి ఉచిత సాఫ్టువేరులో తెల్లని 12 పొరలు తీసికొని, ఒక్కొక్కదానిపై బంతిని కొంచెము కొంచెము జరిపి గీయుడు. ఒక్కొక్క బొమ్మకు 100 మిల్లీసెకండ్ల వ్యవధి నిచ్చి, జిఫ్‌గ భద్రపఱచుడు. 1.2 సెకండ్లలో ఒక చుట్టు ముగిసి, బంతి మరల మరల ఎగురును. బంతి నేర్చిన పిదప అమ్మమ్మ చెప్పిన కథను బొమ్మలుగ వ్రాసి, క్రింద మన తెలుగు అక్షరములు చేర్చుడు.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. పిల్లలు గీసిన వంకర బొమ్మలను పనికిరానివని పారవేయకుడు. రేనో పారవేసినవానిని ఏ నదియు తిరిగి యిచ్చుట లేదు. మనము వానిని గూర్చి వినుటయే గాని చూచు భాగ్యము లేదు.