పేరు లేని సమాధి



వార్షికోత్సవం పాటలకు పేర్లు రాసేటప్పుడు వాయిద్యాలు మగపిల్లలకు, పాట ఆడపిల్లలకు అని పంచేశారు. నేను డోలక్ కొడతానంటే అందరూ నవ్వారు. అందుకే ఈసారి గోడపత్రికకు సిస్టర్ రోసెట్టా థార్ప్ జీవితం రాస్తున్నాను.

రాక్ అండ్ రోల్ అంటే ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్ములతో జోరుగా సాగే అమెరికా సంగీతం. దానికి రాజు ఎల్విస్ ప్రెస్లీ అంటారు. అది ఆయనతోనే మొదలైందని నేనూ అనుకున్నాను. కానీ ఆయన కంటే ముందే ఒక నల్లజాతి స్త్రీ ఆ దారి వేసింది.

రోసెట్టా 1915 మార్చి 20న ఆర్కాన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో జన్మించింది. తల్లిదండ్రులు పత్తి ఏరే కూలీలు. పత్తి ఏరితే వేళ్లు ఎట్లా గీసుకుపోతాయో మనలో చాలామందికి తెలుసు కదా! తల్లి కేటీ బెల్ మాండొలిన్ వాయిస్తూ, దేవుని వాక్యం చెప్పేది. రోసెట్టా నాలుగేళ్లకే గిటార్ పట్టింది. ఆరేళ్ల నుంచి తల్లి వెంట ఊరూరా తిరిగి ప్రార్థన కూటాల్లో పాడింది. తర్వాత వాళ్లు చికాగో చేరారు.

1938లో న్యూయార్క్‌లో డెక్కా కంపెనీకి ఆమె మొదటి రికార్డులు ఇచ్చింది. అదే సంవత్సరం పేరుమోసిన కార్నెగీ హాల్‌లో పాడింది. దేవుని పాటలు క్లబ్బుల్లో పాడటమేమిటని చర్చివాళ్లలో చాలామంది కోప్పడ్డారు. ఆడది గిటార్ వాయించటం కూడా అప్పట్లో వింతే. ఆమె మాత్రం రెండూ మానలేదు.

1944లో 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' అనే పాట రికార్డు చేసింది. 1945లో అది బిల్‌బోర్డ్ పత్రికవాళ్ల నల్లజాతి పాటల పట్టికలో 2వ స్థానానికి వచ్చింది. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డుల్లో అదొకటని ఇప్పుడు చాలామంది లెక్కిస్తారు. అది రికార్డయ్యే నాటికి ఎల్విస్ తొమ్మిదేళ్ల పిల్లవాడు! 1947లో లిటిల్ రిచర్డ్ అనే 14 ఏళ్ల కుర్రవాణ్ణి తన స్టేజీ మీద పాడించి డబ్బులు కూడా ఇచ్చింది. తర్వాత అతనూ పెద్ద రాక్ గాయకుడయ్యాడు.

ఇంత పేరున్నా, దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ల హోటళ్లలో ఆమెకు గది దొరికేది కాదు. బస్సులోనే పడుకునేది. 1951లో వాషింగ్టన్‌లోని ఒక స్టేడియంలో జరిగిన ఆమె పెళ్లికి మాత్రం సుమారు 25,000 మంది టిక్కెట్టు కొని వచ్చారు.

1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, మూసేసిన ఒక రైల్వే స్టేషన్‌లో టెలివిజన్ కోసం ఆమె కచేరీ పెట్టారు. సరిగ్గా అప్పుడే వాన. ఆమె వాన గురించిన పాటే ఎత్తుకుని, గిటార్ మోగించేసింది.

1970లో పక్షవాతం వచ్చింది. షుగర్ జబ్బు వల్ల ఒక కాలు తీసేశారు. అయినా పాడటం ఆపలేదు. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో మరణించింది. అక్కడే పాతిపెట్టారు కానీ సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు.

గౌరవాలన్నీ తర్వాతే వచ్చాయి. 1998లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. 2008లో అభిమానులు కచేరీ పెట్టి, వచ్చిన డబ్బుతో సమాధికి రాయి పెట్టించారు. అంటే ఆమె పేరు అక్కడ కనబడటానికి 35 ఏళ్లు పట్టింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1986లోనే ఎల్విస్‌ని, లిటిల్ రిచర్డ్‌ని చేర్చుకున్నారు. ఆమెను చేర్చుకున్నది 2018లో.

మిత్రులారా, చనిపోయాక వేసే దండ చనిపోయినవాళ్లకు కనబడదు. బాగా వాయించేవాళ్లను బతికుండగానే వాయించనివ్వాలి, మెచ్చుకోవాలి. రోసెట్టా ఎవరినీ అడగకుండానే గిటార్ పట్టింది. నాకంత ధైర్యం లేదు గనక అడుగుతున్నాను. వార్డెన్ గారూ, పేర్ల లిస్టు ఇంకా గోడకు అంటించలేదు. డోలక్ దగ్గర ఒక ఆడపిల్ల పేరు రాయండి. ముందు నా చేత వాయించి చూడండి. బాగా లేకపోతే కొట్టేయండి.