పగ సినిమా సగంలో ఉండగా వెళ్ళిపోయిన దర్శకుడు

హైటెక్ సిటీ మల్టీప్లెక్సుల్లో ఏ సీజన్‌లో చూసినా ఒక పగ సినిమా ఆడుతూనే ఉంటుంది. తండ్రిని చంపేస్తారు, కొడుకు కత్తి పడతాడు, రక్తం స్లో మోషన్‌లో ఎగురుతుంది. ఈలలు వేసే బ్యాచ్‌లో నేనూ ఉంటాను. ఈ కథలకి తెలుగు తెర మీద తాతలెవరా అని వెతుక్కుంటూ పోతే నాకు తగిలిన మనిషి గూడవల్లి రామబ్రహ్మం.

ఆయన 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు పత్రికాయన. మద్రాసులో ప్రజామిత్ర నడిపారు. మిగతావాళ్ళు ఎక్కువగా పురాణాలు తీస్తున్న రోజుల్లో, 1938లో మాలపిల్ల తీశారు. బ్రాహ్మణ కుర్రాడు, దళిత అమ్మాయి ప్రేమకథ. మరుసటి ఏడాది రైతుబిడ్డ. అది జమీందార్ల దౌర్జన్యం మీద. తమాషా ఏంటంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనకున్నది స్వయంగా ఒక జమీందారు, చల్లపల్లి రాజా. మిగతా జమీందార్లకి మాత్రం ఒళ్ళు మండింది.

అలాంటి మనిషి చివరికి పల్నాటి యుద్ధం ఎందుకు ఎత్తుకున్నారు? అది 12వ శతాబ్దపు అన్నదమ్ముల గొడవ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, ఒకే తండ్రి బిడ్డలు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి వాళ్ళు ఏడేళ్ళు వలసపోతారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజుకి విషం పెడతారు. అతను నలగాముడి సొంత అల్లుడు. ఇక కారంపూడిలో కత్తులు లేస్తాయి. కుర్రాడు బాలచంద్రుడితో సహా వీరులంతా నేలకూలతారు.

కానీ అదే కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం. దళితుడైన కన్నమదాసుని కొడుకులా చూసుకోవడం. మాలపిల్ల తీసినాయనకి ఈ కథ ఎందుకు పట్టిందో నాకు అక్కడ అర్థమైంది. ఒకే చాప మీద తినడం నేర్చుకున్న ఊళ్ళని రెండు ఇళ్ళ పగ మింగేసింది. ఆ నష్టమే అసలు కథ అని నేననుకుంటున్నాను.

నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా కుర్ర అక్కినేని. షూటింగ్ నడుస్తుండగానే రామబ్రహ్మం జబ్బుపడ్డారు. 1946 అక్టోబరులో పోయారు. వయసు 44. మిగతాది ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేస్తే 1947లో విడుదలైంది. దేశంలో అన్నదమ్ములు విడిపోయిన ఏడాది కూడా అదే. 1966లో ఎన్టీఆర్, భానుమతితో అదే కథ మళ్ళీ వచ్చింది.

హైదరాబాదులో రామబ్రహ్మం సినిమా తీయలేదు. ఆయన పనంతా మద్రాసులోనే. కానీ సారథి పేరు మాత్రం ఇక్కడిదాకా వచ్చింది. 1950ల్లో చల్లపల్లి రాజా పెట్టిన సారథి స్టూడియోస్ అమీర్‌పేటలో ఉంది. హైటెక్ సిటీకి మనం మెట్రో ఎక్కేదీ ఆ అమీర్‌పేటలోనే.

పగ సినిమాలు మానేయమని నేను చెప్పట్లేదు, నేనూ మానను. ఒక్కటి గమనించండి చాలు: హీరో ఎంతమందిని నరికాడన్నది కాదు, ఆ పగ వల్ల ఊరికి ఏం పోయిందో ఆ సినిమా చూపించిందా, లేదా? రామబ్రహ్మం ఎంచుకున్న కథలో అది ఉంది.