సంగీతాన్ని తరగతి గదికి తెచ్చిన భాత్‌ఖండే

ఉత్తర భారతదేశంలో ఇంటర్మీడియెట్ చదువుతూ సంగీతాన్ని ఐచ్ఛిక పాఠ్యాంశంగా తీసుకొన్న విద్యార్థి మొదట నేర్చేవి పది థాట్‌లు, ఒక్కొక్క రాగపు ఆరోహణ అవరోహణలు, స్వరలిపి. పరీక్షలో వ్రాతపత్రం ఉంటుంది, గానపరీక్షా ఉంటుంది. సంగీతం కూడ గణితమువలె తరగతిలో కూర్చుండి చదువదగిన విద్యయే అన్న భావం నేడు మనకు సహజంగా తోచవచ్చును. నూరేండ్లకు పూర్వం అది సహజం కాదు. ఆ మార్పునకు ముఖ్య కారకులలో ఒకరు పండిత విష్ణు నారాయణ భాత్‌ఖండే.

ఆయన 1860 ఆగస్టు 10న బొంబాయిలోని వాల్కేశ్వర్‌లో జన్మించారు. వృత్తిచేత న్యాయవాది. సితారు అభ్యసించారు, వందలకొలది ధ్రుపదులు నేర్చారు. 1900లో భార్య, 1903లో ఏకైక పుత్రిక మరణించారు. తరువాత న్యాయవాద వృత్తిని విడిచి, శేషజీవితాన్ని సంగీతానికే అర్పించారు.

1904లో దక్షిణయాత్ర చేశారు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితుల దర్శనం లభించింది. దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో వెలువడినది ఆ సంవత్సరమే అన్న సంగతి మనకు గర్వకారణం. ఆ యాత్రలోనే వేంకటమఖి చతుర్దండి ప్రకాశిక ఆయన చేతికి వచ్చింది. డెబ్బదిరెండు మేళాల ఆ పద్ధతిని చూచిన పిమ్మట, హిందుస్తానీ రాగాలను పది థాట్‌ల క్రింద విభజించే ఆలోచన ఆయనలో రూపుకట్టింది.

అయితే గ్రంథాలలో రాగలక్షణం దొరకుతుంది, రాగం దొరకదు. అది ఉస్తాదుల కంఠాలలో ఉన్నది. వారు తమ చీజులను పరులకు సులభంగా ఇచ్చేవారు కారు. దీనిని లోభమని నిందించినవారు పలువురు ఉన్నారు. కాని ఏ ఆస్తీ లేని ఉస్తాదుకు ఆ చీజులే పొలము, ఇల్లు, పిల్లల భుక్తి అని మనం మరువరాదు. చదువులేనివారని భాత్‌ఖండే కూడ తన రచనలలో వారిని కొన్నిచోట్ల కఠినంగానే విమర్శించారు. అది నాకు న్యాయంగా తోచదు. ఎందుకనగా ఆయన సేకరించిన నిధిలో గొప్ప భాగం వారు పెట్టినదే. జయపురానికి చెందిన మొహమ్మద్ అలీఖాన్ కుటుంబం ఆయనకు సుమారు మూడువందల చీజులు నేర్పింది. ఆయన కుమారుల గానాన్ని భాత్‌ఖండే ఫోనోగ్రాఫ్‌పై ముద్రించి భద్రపరచుకొన్నారు. రాంపూరులో తాన్‌సేన్ వంశీయులైన ఉస్తాద్ వజీర్ ఖాన్ సన్నిధికి శిష్యభావంతో వెళ్ళారు. పట్టభద్రుడు, వకీలు, నడివయస్సు దాటినవాడు అట్లు కూర్చుండడం సామాన్య విషయం కాదు.

ఈ విధంగా కూడిన చీజులు సుమారు 1,800. వాటిని స్వరలిపితో, సులభ రాగాల నుండి కఠిన రాగాల వరకు క్రమపరచి, క్రమిక పుస్తక మాలిక అనే పేరుతో ఆరు భాగాలుగా ప్రకటించారు. తరగతి తరువాత తరగతి అనే మెట్లు ఆ పేరులోనే ఉన్నవి. ఆయన సిద్ధాంతాలను రాజా నవాబ్ అలీఖాన్ మఆరిఫున్నగ్‌మాత్ అనే గ్రంథంలో ఉర్దూ పాఠకులకు అందించారు. మన ఉర్దూ శాఖ విద్యార్థులు దానిని వెదకి చదువవలెను.

1916లో బరోడాలో తొలి అఖిల భారత సంగీత పరిషత్తు ఆయన పూనికతో జరిగింది. ఇరువది రెండు శ్రుతులను లెక్కగట్టి అమర్చిన ఒక హార్మోనియం అక్కడ ప్రదర్శితమైంది. ధ్రుపద్ గాయకులు జాకిరుద్దీన్ ఖాన్ కంఠంతో పోల్చి చూచినపుడు ఆ వాద్యం నిలువలేకపోయింది. లెక్కకు లొంగే సంగీతమెంత, లొంగనిదెంత అన్న ప్రశ్న నాడు సభలో అందరి ముందుకు వచ్చింది.

1926లో లక్నోలో మారిస్ సంగీత కళాశాల వెలసింది. నేడది భాత్‌ఖండే పేరిట విశ్వవిద్యాలయం. 1933లో పక్షవాతం సోకి ఆయన మంచం పట్టారు. 1936 సెప్టెంబరు 19న కన్నుమూశారు. ఆ కళాశాలలో తబలా ఆచార్యునిగా నియుక్తులైనవారు లక్నో ఘరానాకు చెందిన ఉస్తాద్ ఆబిద్ హుసేన్ ఖాన్. పాఠ్యక్రమం భాత్‌ఖండేది. బోలులు మాత్రం విద్యార్థులు ఉస్తాదు నోటి నుండియే నేర్చేవారు.