సేవామూర్తి మదర్ థెరీసా

హౌరా నుండి మద్రాసు వైపు సాగు ఇనుపదారి ఇచ్ఛాపురము దగ్గర శ్రీకాకుళము జిల్లాలో ప్రవేశించి, సోంపేట, పలాసల మీదుగా దక్షిణమునకు పోవును. ఒక వంక తూర్పు కనుమలు, ఒక వంక సముద్రము, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఉద్దానము. ఈ సీమలో తెలుగును, ఒడియాయును ప్రక్కప్రక్కనే వినబడును. భూమి చాలని వారును, తుపానులకు తోటలు కూలిన వారును బ్రతుకు తెరువు వెదకుచు ఈ దారినే ఖర్గపూరునకును, కలకత్తాకును పోవుట పూర్వమునుండి కలదు. అట్లే బీహారు నుండియు, ఒడిశా నుండియు, తూర్పు వంగము నుండియు జనులు వచ్చి చేరుటచే ఆ మహానగరమున ఒక్కొక్క సందులో నాలుగైదు భాషలు, మూడు నాలుగు మతములు కలిసి కాపురము చేయుచుండెను.

ఆ సందులలోనికి ఐరోపా ఖండమునుండి వచ్చిన ఒక స్త్రీ చేతిలో ధనము లేక, వెంట మనుష్యులు లేక, ఒంటరిగా అడుగు పెట్టెను. ఆమెయే మదర్ థెరీసా.

ఆమె 1910వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన స్కోప్యే నగరమున ఒక అల్బేనియా కుటుంబమున జన్మించెను. ఆ నగరము అప్పుడు తుర్కీ సామ్రాజ్యములోనిది. ఇప్పుడు ఉత్తర మాసిడోనియా దేశమునకు రాజధాని. ఆమె చిన్ననాటి పేరు ఆగ్నెస్ గోంజె బోయాజియు. గోంజె అనగా వారి భాషలో పూమొగ్గ. తండ్రి నికోలా 1919లో మరణించెను. తల్లి ద్రానె కుట్టుపనిచే ముగ్గురు బిడ్డలను పెంచెను. ఇంట కలిమి తగ్గినను ఆ తల్లి ఆకలిగొని వచ్చిన వారిని వట్టి చేతులతో పంపెడిది కాదు. బాలిక ఈ గుణమును తల్లి ఒడిలోనే నేర్చెను.

వంగదేశమున పనిచేయుచున్న కథోలిక గురువుల వార్తలు విని ఆ బాలిక మనస్సు భారతదేశము వైపు మరలెను. 1928లో, పదునెనిమిదవ యేట, ఆమె ఇల్లు విడిచి ఐర్లండులోని లొరెటో సన్యాసినుల మఠమున చేరెను. రైలుబండి ఎక్కిన నాడు తల్లిని చూచినదే కడసారి చూపు. తల్లి 1972లో కన్ను మూయువరకు వారిరువురకు మరల కలిసికొను భాగ్యము కలుగలేదు. ఐర్లండులో ఆంగ్లము నేర్చి, ఓడ ఎక్కి, 1929 జనవరిలో ఆమె కలకత్తా చేరెను. డార్జిలింగులో శిక్షణ పొంది, 1931లో తొలి వ్రతములు గైకొని, థెరీసా అను పేరు ధరించెను. పిమ్మట ఎంటాలీ పేటలోని సెయింట్ మేరీస్ బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినియై, వంగభాషలో భూగోళమును, చరిత్రను బోధించెను. 1944లో ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని అయ్యెను.

ఆ మఠము చుట్టును ఎత్తయిన గోడ ఉండెను. గోడకు లోపల పూలమొక్కలు, పచ్చిక, చక్కని తరగతి గదులు. గోడకు ఆవల మోతీఝీల్ అను మురికివాడ. మోతీఝీల్ అనగా ముత్యాల చెరువు. కాని అచ్చట ఉన్నది మురికినీటి మడుగు మాత్రమే. పెక్కు సంవత్సరములు థెరీసా గోడకు లోపలనే జీవించెను. ఆ పనిని ఆమె ప్రేమించెను. అచ్చటి బాలికలును ఆమెను ప్రేమించిరి. కాని 1943లో వంగదేశమున ఘోరమైన కరవు వచ్చి లక్షలాది జనులు మడిసిరి. 1946 ఆగస్టు 16న కలకత్తాలో మతకలహములు చెలరేగి వీధులు రక్తసిక్తములయ్యెను. పాఠశాలలోని సుమారు మూడువందల మంది బాలికలకు ఆనాడు తిండి లేకపోయెను. థెరీసా ఒంటరిగా వీధిలోనికి వెడలెను. దారిలో ఎదురైన సైనికులు ఆమెను వారించి, తమ వాహనములో బియ్యపు బస్తాలతో పాఠశాలకు చేర్చిరి. నాడు ఆమె కన్నులార చూచిన దృశ్యములు ఆమె మనస్సు నుండి మరలిపోలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 10వ తేదీన ఆమె రైలులో డార్జిలింగునకు పోవుచుండెను. మఠము విడిచి, మిక్కిలి పేదలైన వారి నడుమ వారివలె బ్రతుకుచు సేవ చేయవలెనను పిలుపు ఆ ప్రయాణములో తనకు వినబడెనని ఆమె నమ్మెను. అయినను తొందరపడి గోడ దాటలేదు. కలకత్తా ఆర్చిబిషప్పు ఫెర్డినాండ్ పెరియె వెంటనే సమ్మతింపక, ఆమె సంకల్పమును చిరకాలము పరీక్షించెను. తుదకు 1948లో రోము నుండి అనుమతి వచ్చెను. ఆగస్టు 17వ తేదీన ఆమె సన్యాసినుల నల్లని దుస్తులు విడిచి, నీలి అంచు గల తెల్లని ముతక చీర ధరించి మఠద్వారము దాటెను. అప్పటికి ఆమెకు ముప్పది యెనిమిదవ యేడు నిండవచ్చుచుండెను. ఇల్లు విడుచుటకంటె లొరెటో విడుచుట తనకు కష్టమయ్యెనని ఆమె పిమ్మట తెలిపెను.

మంచి మనస్సు ఒక్కటియే సేవకు చాలదని ఎరిగి, ఆమె ముందుగా పాట్నాకు పోయి వైద్య సేవకురాండ్ర ఆసుపత్రిలో రోగులకు ఉపచారము చేయుట అభ్యసించెను. తన వెంట రాబోవు వారు అన్నము, ఉప్పు మాత్రమే తిని బ్రతుకవలెనని ఆమె తలచెను. అనుభవము గల అచ్చటి సోదరీమణులు దానిని ఒప్పుకొనలేదు. చాలినంత తినని వారు క్షయ మొదలగు వ్యాధులకు లోనగుదురనియు, రోగి మరియొక రోగికి సేవ చేయజాలడనియు బోధించిరి. థెరీసా తన పట్టు విడిచి ఆ హితమును స్వీకరించెను. పెద్ద పనికి పూనుకొనువారికి పట్టుదల ఎంత అవసరమో, అనుభవజ్ఞుల మాట వినుటయు అంతే అవసరము.

1948 డిసెంబరు 21వ తేదీన ఆమె మోతీఝీల్‌లో ప్రవేశించెను. బడికి కట్టడము లేదు, బల్లలు లేవు, నల్లబల్ల లేదు. చెట్టు క్రింద నేలను చదునుచేసి, పుల్లతో అక్షరములు గీచి, కొద్దిమంది పిల్లలకు ఆమె చదువు ప్రారంభించెను. నాటి నుండి పిల్లల సంఖ్య దినదినము పెరిగెను. శుభ్రముగా వచ్చిన పిల్లలకు సబ్బుబిళ్ల బహుమానముగా ఇచ్చెడిది. చూచినవారు ఒకరు కుర్చీ తెచ్చిరి. ఒకరు పుస్తకములు తెచ్చిరి. బడి ముగిసిన పిదప ఆమె ఇల్లిల్లు తిరిగి పుండ్లు కడిగి మందు వేయుచుండెను.

ఆ తొలి దినములు సుఖమైనవి కావు. నివాసమునకు ఒక గది కొరకు వెదకుచు, కాళ్లు చేతులు తీపులు తీయువరకు ఆమె వీధులు తిరిగెను. ఇల్లు లేని పేదలకు ప్రతిదినము ఇట్టి నొప్పియే కదా అని తలపోసెను. అప్పుడు లొరెటో మఠములోని సుఖము, స్నేహము జ్ఞప్తికి వచ్చి, వెనుకకు మరలుమని మనస్సు పోరుపెట్టెను. ఒక్క మాట చెప్పిన చాలు, ఆ తలుపు ఆమెకు తెరచియే ఉండెను. ఆమె కంట నీరు రానీయలేదు, వెనుకకు మరలలేదు. ఈ సంగతిని ఆమె తన దినచర్య పుస్తకమున వ్రాసికొనెను.

1949 ఫిబ్రవరిలో మైకేల్ గోమ్స్ అను గృహస్థుడు క్రీక్ లేన్‌లోని తన యింటి పై అంతస్తున ఆమెకు చోటు కల్పించెను. మార్చి 19వ తేదీన ఆమె పూర్వ శిష్యురాలు సుభాషిణీ దాస్ ఆ తలుపు తట్టి, తానును ఈ జీవనము గైకొందునని నిలిచెను. ఆమెయే సిస్టర్ ఆగ్నెస్. తరువాత వచ్చిన వారిలో పెక్కురు థెరీసా పాఠములు విన్న బాలికలే. గురువు మాటలకంటె గురువు నడవడి శిష్యులను లాగుకొని వచ్చెను. 1950 అక్టోబరు 7వ తేదీన ఈ చిన్న కూటమి మిషనరీస్ ఆఫ్ చారిటీ అను పేర మఠముగా గుర్తింపు పొందెను. బ్రహ్మచర్యము, పేదరికము, విధేయత అను మూడు వ్రతములతోపాటు, మిక్కిలి పేదలకు ప్రతిఫలము కోరక సేవ చేయుట అను నాలుగవ వ్రతమును వీరు గైకొనిరి. థెరీసా భారత పౌరసత్వమును స్వీకరించెను.

దారి ప్రక్కన దిక్కులేక మరణించువారికి ఒక నీడ కావలెనని ఆమె నగరపాలక సంఘము వారిని వేడెను. 1952లో వారు కాళీఘాట్‌లోని కాళికాలయము చెంతనున్న యాత్రికుల సత్రమును ఇచ్చిరి. అదియే నిర్మల హృదయము. హిందువుల పుణ్యక్షేత్రమున క్రైస్తవ సన్యాసినులు చేరుట కొందరికి రుచింపలేదు. మతము మార్చుటకే వచ్చిరని నింద పుట్టెను. థెరీసా వాదమునకు దిగక తన పని చేసికొనుచు పోయెను. అచ్చట మరణించు హిందువు నోట గంగాజలము పోయుటయు, మహమ్మదీయునికి ఖురాను వినిపించుటయు ఆచారమయ్యెను. పిదప, ఇతరులు చేరనీయని వ్యాధితో బాధపడిన ఆలయ పూజారి ఒకడు అచ్చటనే ఆదరము పొందెను. కొంతకాలమునకు అలజడి అణగిపోయెను.

కలకత్తాకు ఉత్తరమున టిటాగఢ్ అను మిల్లుల పట్టణము కలదు. జనపనార మిల్లులలో పనిచేయుటకై బీహారీలు, ఒడియావారు, తెలుగువారు వచ్చి అచ్చట స్థిరపడిరి. కుష్ఠువ్యాధి సోకినచో పనియు, ఇల్లును, బంధువులును ఒక్కసారిగా దూరమయ్యెడివారు. అట్టి వారికై 1950వ దశాబ్దపు చివర రైలుపట్టాల చెంత థెరీసా చికిత్స ప్రారంభించెను. గాంధీజీ పేర వెలసిన ఆ ఆశ్రమమున రోగులు మగ్గములపై వస్త్రములు నేయుట నేర్చిరి. సోదరీమణులు ధరించు నీలి అంచు చీరలు ఆ చేతులు నేసినవే. లోకము ముట్టనొల్లని చేతులు నేసిన వస్త్రమును ధరించుటకంటె మించిన గౌరవము ఆ రోగులకు మరేమి కలదు?

మఠము క్రమముగా దేశమెల్లను, 1965 నుండి విదేశములకును వ్యాపించెను. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచినపుడు థెరీసా తెలుగు నేలకు వచ్చి బాధితులను ఓదార్చెను. 1979లో నోబెల్ శాంతి బహుమానమును, 1980లో భారతరత్నయు ఆమెను వరించెను. నోబెల్ బహుమాన సందర్భమున జరుగవలసిన విందును మాన్పించి, ఆ ధనమును పేదలకు ఇప్పించెను. ఆమె ఆశ్రమములలో వైద్య వసతులు చాలవని విమర్శించినవారును కలరు. దైవము తనకు దూరమయ్యెనను వేదన ఆమెను అనేక సంవత్సరములు బాధించెనని 2007లో వెలువడిన ఆమె లేఖలవలన లోకమునకు తెలిసెను. హృదయములో చీకటి ఉన్నను ఆమె చేతి పని ఒక్కనాడును ఆగలేదు.

1997 సెప్టెంబరు 5వ తేదీన ఆమె కలకత్తాలో కన్ను మూసెను. ప్రభుత్వము సకల లాంఛనములతో అంత్యక్రియలు జరిపెను. అప్పటికి సుమారు నాలుగు వేలమంది సోదరీమణులు నూటికి పైగా దేశములలో సేవ చేయుచుండిరి. 2016లో కథోలిక సంఘము ఆమెను పునీతగా ప్రకటించెను.

ఆమె చరిత్రలో మనము నేర్వవలసినది మొట్టమొదటి అడుగు. మోతీఝీల్ దూరదేశమున లేదు. పాఠశాల గోడకు ఆవలనే ఉండెను. ఆమె కిటికీలోనుండి చూచి ఊరకుండక, ద్వారము దాటి పోయెను. నేడు ఉద్దానము పల్లెలలో మూత్రపిండముల వ్యాధిచే మంచము పట్టినవారు, పలాస, టెక్కలి ఆసుపత్రులకు తోడులేక పోవువారు మన గోడకు ఆవలనే ఉన్నారు. వారికి మందులు తెచ్చి ఇచ్చుట, చదువురాని వృద్ధునికి చీటీ చదివి చెప్పుట, తోడుగా ఆసుపత్రికి పోవుట ఎనిమిదవ తరగతి విద్యార్థికి సాధ్యమగు పనులే. నేలపై పుల్లతో గీచిన అక్షరముతో ఆ మహాసేవ ప్రారంభమయ్యెనని బాలబాలికలు మరువకుందురు గాక.