ఆదివారము పరుగెత్తని ఎరిక్ లిడెల్



హైదరాబాదు రాయదుర్గములో కంప్యూటరు కొలువు చేయుచున్న మన సంఘపు యువకుడొకడు పండుగకు ఇంటికి వచ్చెను. హైస్కూలులో చదువునాడు దూరపు పరుగులో అతనిని మించినవాడు మా మండలములో లేడు. ఇప్పుడు పగలంతయు కుర్చీలోనే గడచును. మరల పరుగు మొదలుపెట్టెనట. గచ్చిబౌలి స్టేడియములో ముగియు మారథాను ఆదివారము తెల్లవారుజామున జరుగును గనుక దానికి వెళ్లవచ్చునా అని నన్ను అడిగెను. వెంటనే నాకు ఎరిక్ లిడెల్ జ్ఞాపకము వచ్చెను.

ఆయన 1902 జనవరి 16న చీనా దేశపు టియన్‌ట్సిన్ పట్టణములో మిషనరీ దంపతులకు జన్మించెను. తల్లిదండ్రులు చీనాలో పనిచేయుచుండగా ఎరిక్, అన్న రాబ్ ఇంగ్లండులోని మిషనరీ పిల్లల బడిలో పెరిగిరి. ఇద్దరును ఆటలలో పేరు పొందినవారే. రాబ్ వైద్యుడై చీనాకు వెళ్లెను. ఎరిక్ ఎడింబరోలో చదువుచు బ్రిటనులోని మేటి పరుగువారిలో ఒకడాయెను.

1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల తొలి పందెములు జూలై 6, ఆదివారమున పడెను. ఆయన ఆ పందెము మానుకొనెను. 1981 నాటి సినిమాలో ఓడ ఎక్కుచుండగా ఆ సంగతి తెలిసినట్లు చూపిరి గాని, నిజమునకు ఎన్నో నెలల ముందే తెలియును. ఆ బంగారు పతకము తోటి బ్రిటిషువాడు హెరాల్డ్ అబ్రహామ్స్‌కు దక్కెను. లిడెల్ 200 మీటర్లలో కంచు పతకమును, జూలై 11న 400 మీటర్లను 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకమును పొందెను.

అబ్రహామ్స్‌యు బడినాటినుండి పరుగువాడే. 1925లో కాలు దెబ్బతిని పరుగు మానెను. న్యాయవాదియై, పత్రికలకు వ్రాయుచు, రేడియోలో మాటలాడుచు 1978 వరకు జీవించెను. అదియు మంచి జీవితమే. దానిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు.

లిడెల్ అదే 1925లో చీనాకు వెళ్లెను. ఆయనను పంపినది మన కడప, గుత్తి ప్రాంతములలో పనిచేసిన లండను మిషనే. మొదట టియన్‌ట్సిన్ కళాశాలలో సైన్సు బోధించెను. 1937 తరువాత యుద్ధము నడుమ సియావొచాంగ్ పల్లెలలో తిరిగెను. 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసి తాను నిలిచిపోయెను.

1943లో జపానువారు ఆయనను వైషియన్ శిబిరములో నిర్బంధించిరి. అక్కడ పిల్లలకు పాఠములు చెప్పెను, ఆటలు ఆడించెను. ఆదివారము మాత్రము ఆడింపలేదు. పిల్లలు తమంతట తామే ఆదివారము హాకీ ఆడి కొట్లాడుకొనిరి. అంతట ఆయనయే ఆదివారమున రిఫరీగా మైదానములో నిలిచెను. బంగారు పతకమునకు కదలనివాడు, కొట్లాడుకొను పిల్లల కొరకు కదలెను. పారిస్ సంగతి నేను ప్రసంగములలో ఎన్నిసార్లు చెప్పితినో! ఈ హాకీ సంగతి ఒక్కసారియైనను చెప్పలేదు.

1945 ఫిబ్రవరి 21న మెదడులోని కంతి వలన ఆ శిబిరములోనే 43వ ఏట ఆయన మరణించెను. మూడవ కుమార్తెను ఆయన చూడనేలేదు.

మన యువకునికి ఈ రెండు సంగతులును చెప్పితిని. పౌలు పందెపు పరుగును గూర్చి వ్రాసిన మొదటి కొరింథీ 9వ అధ్యాయము చదివి, ప్రార్థించి, తానే నిర్ణయించుకొనుమంటిని.